నీలిగీత కింద బుడ్డోడు

ఆ ల్యాబులో ఆవిడని అందరూ పెంకి అనే పిలిచేవారు. మొదట్లో పెంకిఘటం అనేవారు. రోజుకు పాతికసార్లు అంత పొడుగు మాట అనలేక సగానికి కోసేశారు. దానికి ఆవిడకు అభ్యంతరం లేదు. అభ్యంతరం పెట్టాల్సిన విషయాలు వేరే బోలెడు ఉండేవి, వాటిలో దేన్నీ ఆవిడ ఊరికే వదిలిపెట్టలేదు.

సోమవారం మీటింగులో అలాంటిదే ఒకటి వచ్చిపడింది.

"ఇక శవాన్ని పూడ్చేద్దాం," అన్నారు పెద్దసారు, టీ కప్పు పక్కన పెడుతూ.

శవమంటే మనిషి శవం కాదు. అదొక జన్యువు. మనుషులందరి ఒంట్లోనూ ఉండే వేల జన్యువుల్లో ఒకటి. జన్యువు పని ప్రోటీన్లు తయారు చేయించడం, ప్రోటీన్ల పని ఒంట్లో మిగతా చాకిరీ అంతా చేయడం. ఈ జన్యువు మాత్రం ఏ ప్రోటీనూ చేయించదని కంప్యూటరు ఏనాడో తేల్చేసి, దాన్ని చచ్చినవాటిలో కలిపేసింది. ప్రోటీనంటే చిన్న చిన్న ముక్కలు గుచ్చిన దండలాంటిది. కంప్యూటరుకు ఒక లెక్క ఉంది. వంద ముక్కలైనా లేనిదాన్ని అది ప్రోటీనుగా ఒప్పుకోదు. ఈ జన్యువులో రాసి ఉన్నది నలభై ముక్కలకు కూడా రాని పొట్టిది. అంత పొట్టిది ఏం ఉద్ధరిస్తుందిలే అని, కంప్యూటరుకు ఆ లెక్క నేర్పిన మహానుభావులు అనుకున్నారు. వాళ్ళనెప్పుడూ దోమ కుట్టలేదు కాబోలు.

అలాంటి జన్యువును పట్టుకుని ఇన్నాళ్ళు వేలాడటానికి ఒక కారణం ఉంది. ఒక పిల్ల. పద్నాలుగేళ్ళది, పరుగు పందేల పిల్ల. వాళ్ళ నాన్న పరిగెడుతూ పడిపోయి చనిపోయాడు. బాబాయి కూడా అంతే. ఇద్దరికీ గుండెజబ్బు ఆనవాళ్ళేమీ లేవు. ఆసుపత్రిలో దాచి ఉంచిన ఆ అన్నదమ్ముల రక్తంలోనూ, ఈ పిల్ల రక్తంలోనూ వెతికితే మామూలు మనుషుల్లో లేని తేడా ఒక్కటే దొరికింది. ఈ చచ్చిన జన్యువులో ఒక్క అక్షరం మారి ఉంది. జన్యువు నిజంగానే చచ్చిందైతే ఆ అక్షరం మారినా ఒకటే, మారకపోయినా ఒకటే. పిల్ల హాయిగా పరిగెత్తవచ్చు. బతికున్నదైతే మాత్రం ఆ పిల్ల వేసే ప్రతి అడుగూ గండమే.

"మూడుసార్లు చూశాం. మూడుసార్లూ ప్రోటీను లేదు," అన్నారు పెద్దసారు. "హాని లేదని రిపోర్టు రాసేద్దాం. శుక్రవారం ఆసుపత్రికి వెళ్ళి ఆ కుటుంబానికి నేనే చెబుతాను. ఆదివారం పిల్లకేదో పందెం ఉందట, నిశ్చింతగా పరిగెడుతుంది."

"లేదని ఎందుకు సార్? కనపడలేదని రాద్దాం," అంది పెంకి.

"రెండూ ఒకటేగా అమ్మా."

"ఒకటెలా అవుతాయి సార్? పొద్దున్న నా కళ్ళజోడు కనపడలేదు. ఇల్లంతా తిరగేశాను. నెత్తిమీదే ఉంది."

అందరూ నవ్వారు. పెద్దసారు నవ్వలేదు. ఆయన చెడ్డవాడు కాదు, ఆ మాట ముందే చెప్పుకోవాలి. వయసులో ఉన్నప్పుడు కష్టపడి ఒక మహా ప్రోటీనును పట్టుకున్నాడు. మన ఒంట్లో ఉన్న ప్రోటీన్లలో రాక్షసిలాంటిది అది. దాంతో పేరొచ్చింది, ఈ ల్యాబు వచ్చింది, గోడమీద ఫొటోలొచ్చాయి. పేరొచ్చిన మనిషికి తాను చూడనిది లోకంలో ఉంటుందంటే కాస్త కష్టంగా ఉంటుంది. అంతకుమించి ఆయనలో లోపం లేదు. ఆ ఒక్కటీ మాత్రం దండిగా ఉంది.

పెంకి మొహం కందగడ్డ చేసుకుని తన బల్ల దగ్గరికి వచ్చింది. అక్కడ మీటింగుకు ముందు నాలుగోసారి పెట్టిన పరీక్ష నడుస్తోంది. జెల్లు అనే జెల్లీలాంటి పలకను నిలువుగా నీళ్ళపెట్టెలో నిలబెట్టి, పైన గుండె కణాల రసం పోసి, కరెంటు ఇస్తారు. రసంలోని ప్రోటీన్లన్నీ పలకలోంచి కిందికి పాకుతాయి. పెద్దవి ఈడ్చుకుంటూ, చిన్నవి చకచకా. అవి కంటికి కనపడవు కాబట్టి దారి తెలియడానికి కాస్త నీలంరంగు కలుపుతారు. నీలిగీత దిగుతూ ఉంటే పరీక్ష నడుస్తున్నట్టు లెక్క. అది పూర్తయ్యాక ప్రోటీన్లను కాగితంలాంటి పల్చటి పొరమీదికి ఎక్కించి, కావలసినదాన్ని మాత్రమే పట్టుకునే మందు పూస్తే, అది ఉన్నచోట నల్లటి గీత పడుతుంది. లేకపోతే తెల్లగా ఉంటుంది. మూడుసార్లూ తెల్లగానే ఉంది.

పక్కబల్ల మీద సాధువు పని చేసుకుంటున్నాడు. ఉలకడు, పలకడు, ఎవరితోనూ తగవు పెట్టుకోడు, అందుకే ఆ పేరు. ఆయన నోట్లోంచి వచ్చే పెద్ద మాట "పోనీలెండి".

"ఈ రిపోర్టు చూశారా?" అంది పెంకి, కంప్యూటరు వైపు చూపిస్తూ. పెద్దసారు రిపోర్టు అప్పుడే పంపించారు. అందులో 'ఈ జన్యువు ఏ ప్రోటీనునూ తయారు చేయదు' అని ఉంది. దాని కింద, పరీక్షలు చేసినవారు అన్నచోట, ఆవిడ పేరు ఉంది.

"పోనీలెండి," అన్నాడు సాధువు.

"ఏంటి పోనిచ్చేది? ఆ పిల్ల రక్తం తీసినరోజు నన్ను అడిగింది, ఇది అయ్యాక నేను పరిగెత్తొచ్చా ఆంటీ అని. నిజం కనుక్కుని చెబుతానన్నాను. ఇదేనా నిజం?"

అరికాలి మంట నెత్తికెక్కింది. ఎదురుగా ఏది ఉంటే దాన్ని లాగి అవతల పారేయాలనిపించింది. ఎదురుగా ఉన్నది నీళ్ళపెట్టె వైరు. దాన్ని పట్టుకుని ఒక్క గుంజు గుంజి, ప్లగ్గు ఊడదీసి, పెద్దసారు గదిలోకి వెళ్ళింది.

"నా పేరు తీసేయండి సార్," అంది, కుర్చీలో కూర్చోకుండానే.

"ఎందుకు తీయాలి? మూడుసార్లూ చేసింది నువ్వేగా. మేమెవరం ముట్టుకోలేదు. దాన్ని నీ చేతులతో నువ్వే చంపావమ్మా, నన్నంటే ఎలా?"

ఆ మాట తగలాల్సినచోట తగిలింది. నిజమే, చేసింది తనే. ఒక్క అడుగు కూడా తప్పకుండా, నేర్పింది నేర్పినట్టు చేసింది.

"ఇంకో వారం ఆగండి."

"దేనికి? ఇంకోసారి కూడా ఏమీ కనపడకపోతే ఇంకో వారం అడుగుతావు. నీ ఉద్యోగం పొడిగింపు కూడా ఈ నెలలోనే నా దగ్గరికి వస్తుంది. గుర్తుంది కదా?"

"బాగా గుర్తుంది సార్. దానికీ దీనికీ ముడిపెడుతున్నారని కూడా గుర్తు పెట్టుకుంటాను," అని తలుపు వేసి వచ్చేసింది. గట్టిగానే వేసింది.

బల్ల దగ్గరికి వచ్చేసరికి సాధువు జెల్లు వైపు జాలిగా చూస్తున్నాడు. నీలిగీత పలక మధ్యలో ఆగిపోయి ఉంది.

"పాడైపోయినట్టేనండి. ఇంతసేపు ఆపేశాక మళ్ళీ నడిపినా గీతలు సరిగ్గా రావు. పారేసి కొత్తది పెట్టుకోండి."

"పారెయ్యను."

"సగమే నడిచిందండీ. ప్రోటీన్లన్నీ ఒకచోటే కుప్పపడి ఉంటాయి. ఏం కనపడుతుంది?"

"కనపడకపోతే కనపడకపోనీ. ఈ రోజు ఇంకోళ్ళు చెప్పిన మాట వినే ఓపిక నాకు లేదు."

ఇందులో తెలివి ఏమీ లేదు. తర్వాత ఎవరు అడిగినా పెంకి అదే చెప్పింది. అది ఉత్త మొండితనం. సగం నడిచిన జెల్లును అలాగే తీసి, పొరమీదికి ఎక్కించి, మందు పూసి, ఇంటికి వెళ్ళిపోయింది.

ఇంట్లో ఆయన సిటీబస్సు డ్రైవరు. భార్య చెప్పులు విడిచిన చప్పుడును బట్టి ఆ రోజు ఎలా గడిచిందో చెప్పగలడు.

"ఈసారి ఎవరితో?" అన్నాడు అన్నం కలుపుకుంటూ.

"పెద్దసారుతో."

"అబ్బో, ఈసారి పైకే ఎక్కావన్నమాట. ఉద్యోగం ఉందా పోయిందా?"

"ఇంకా ఉంది. పోవచ్చు."

"పోతే పోయిందిలే. నా బస్సులో టికెట్లు కొడుదువుగాని. కాకపోతే నువ్వెక్కితే చిల్లర లేదన్నవాడినల్లా దింపేస్తావు, బస్సు ఖాళీగా తిప్పుకోవాలి నేను."

ఆవిడకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. "నేను కనుక్కోలేకపోయాను. ఆ పిల్ల పరిగెడుతూ పడిపోతే అందులో నా పేరుంటుంది," అంది. ఆయన ఇక హాస్యం ఆడలేదు. పళ్ళెం పక్కకు జరిపి, ఆవిడ పక్కన వచ్చి కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే పొరను యంత్రంలో పెట్టి చూసింది. పైన అంతా తెల్లగా ఉంది. అలవాటైన తెలుపే. చూపు తిప్పుకోబోతుండగా, నీలిగీత ఆగినచోటికి కాస్త కింద, సన్నగా ఒక నల్లగీత కనిపించింది. మసి అనుకుని కళ్ళజోడు తుడుచుకుంది. గీత అక్కడే ఉంది. చక్కగా, నీటుగా, ఎవరో కూర్చోబెట్టినట్టు ఉంది.

"ఏమండీ సాధువుగారూ, ఒకసారి ఇటు రండి. మనం నీలాన్ని ఎక్కడిదాకా నడుపుతాం?"

"కిందినుంచి బయటికి పోయేదాకా. పోయాక ఇంకాస్తసేపు. అందరికీ తెలిసిందేగా."

"ఎందుకని?"

సాధువు పొర మీదికి వంగాడు. అన్నేళ్ళలో ఆ ప్రశ్న ఆయన ఎవర్నీ అడగలేదు, ఆయన్ని ఎవరూ అడగలేదు. ల్యాబులో చేరినరోజు చెప్పే మొదటి పాఠమే అది: నీలం దిగిపోయేదాకా ఆగు. ఆ పాఠం పెట్టింది పెద్దసారు. ఆయన రాక్షసి ప్రోటీను ఈడ్చుకుంటూ నడిచే రకం, దాన్ని మిగతావాటినుంచి విడదీయాలంటే అంతసేపు నడపాల్సిందే. ఆయనకది అవసరం. ఆయన తర్వాత వచ్చినవాళ్ళకు అది ఆచారం.

పొట్టిది నీలం కన్నా ముందు నడుస్తోంది. నీలం దిగిపోయేదాకా ఆగితే అప్పటికే అది పలక దాటి పెట్టెలోని నీళ్ళలో కలిసిపోతుంది. పరీక్ష అయ్యాక ఆ నీళ్ళు ఏం చేస్తారు? సింకులో పోస్తారు. మూడుసార్లు పోసింది. మూడుసార్లూ చేతులు శుభ్రంగా కడుక్కుని, ప్రోటీను లేదని రాసింది.

"గంగపాలు చేశానండీ," అంది పెంకి. "బుడ్డోడు వచ్చి నిలబడ్డ ప్రతిసారీ తీసుకెళ్ళి సింకులో పోశాను."

ఆ క్షణం నుంచి శవం పేరు బుడ్డోడు అయింది.

అయితే ఒక్క గీతను చూసి గంతులు వేసే మనిషి కాదు ఆవిడ. పూసిన మందు పొరపాటున ఇంకోదాన్ని పట్టుకుని ఉండవచ్చు. అలాంటి మోసాలు ఆ వృత్తిలో మామూలే. ఆ జన్యువును పూర్తిగా తీసేసిన కణాలను వాళ్ళు ఎప్పుడో తయారు చేశారు. ఆ పిల్ల రక్తంలో ఉన్న మార్పును పెట్టిన కణాలు కూడా ఉన్నాయి. వాటి రసం గడ్డకట్టించి ఫ్రీజరులో ఒక డబ్బాలో దాచారు. జన్యువు తీసేసిన రసంలో కూడా గీత వస్తే అది మసికింద లెక్క. అక్కడ రాకుండా మామూలు రసంలో మాత్రమే వస్తే బుడ్డోడు నిజం.

ఫ్రీజరు తెరిస్తే డబ్బా లేదు. పని ముగిసిందన్నారు కాబట్టి సోమవారమే ఖాళీ చేయమని పెద్దసారు పురమాయించారట. పెంకి ఫ్రీజరు తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. చల్లటి పొగ మొహానికి కొడుతోంది.

వెనకనుంచి సాధువు దగ్గాడు. "ఇదే ఫ్రీజరులో నా సొరుగు ఉంది, వెనకాల చూడండి," అన్నాడు. "నేనేం చేయలేదండి. పారేయమన్నారు. నా సొరుగులో ఖాళీ ఉంది కదా, పారేసేలోపు అక్కడ పెట్టాను. అంతే."

"ఆయన అడిగితే?"

"అడిగితే పోనీలెండి అంటాను."

ఆ మనిషిని అన్నేళ్ళు పిరికివాడనుకున్నందుకు పెంకి లోలోపలే చెంపలేసుకుంది. పూసే మందు అయిపోయి, కొత్తది వచ్చేసరికి గురువారమైంది. అప్పుడు ఇద్దరూ కలిసి మళ్ళీ జెల్లు పెట్టారు. ఈసారి నీలం సగానికి దిగగానే, కోపంతో కాదు, తెలిసే ఆపారు. పొర సిద్ధమయ్యేసరికి శుక్రవారం పొద్దెక్కింది. మామూలు కణాల దగ్గర గీత ఉంది. జన్యువు తీసేసిన కణాల దగ్గర లేదు. పిల్లకున్న మార్పు పెట్టిన కణాల దగ్గర కూడా లేదు. ఒక్క అక్షరం మారేసరికి బుడ్డోడు పుట్టకుండానే పోయాడు.

పెద్దసారు గదికి పరిగెత్తింది. గదికి తాళం వేసి ఉంది. ఆయన ఆసుపత్రికి వెళ్ళి అరగంటైందన్నారు.

ఆసుపత్రి వీధికి అవతలే. పెంకి తెల్లకోటు కూడా విప్పకుండా రోడ్డు దాటింది. ఎవరో హారను కొట్టారు, ఎవరో తిట్టారు. ఆవిడ తిరిగి తిట్టలేదు, అదే వింత. రెండో అంతస్తులో గుండె డాక్టరమ్మ గది తలుపు తోసేసరికి లోపల అందరూ ఉన్నారు. పెద్దసారు, డాక్టరమ్మ, ఎదురుగా పిల్ల, దాని నానమ్మ. డాక్టరమ్మ చేతిలో కలం ఉంది. పరిగెత్తవచ్చని రాసే కాగితం ముందు ఉంది. పిల్ల మొహం వెలిగిపోతోంది.

"రాయకండి డాక్టరుగారూ," అంది పెంకి.

"ఏంటిది?" అన్నారు పెద్దసారు లేచి. "ఇక్కడికెందుకొచ్చావు?"

ఆవిడ జవాబు చెప్పకుండా పొర ఫొటో ఆయన ముందు పెట్టింది. ఎంతైనా ఆయన చేయి తిరిగిన మనిషి. చూడగానే కళ్ళు కిందనున్న ఆ సన్నగీత దగ్గరికి వెళ్ళాయి. ఒక్కొక్క వరుసా చూశారు. ఏ వరుసలో ఏ కణాలో అడిగారు. చెప్పింది.

"నీలం ఎక్కడ ఆపావు?"

"సగంలో."

"సగంలో ఎందుకు ఆపావు?"

"మొదటిసారి మీమీద కోపమొచ్చి. రెండోసారి బుద్ధొచ్చి."

పెద్దసారు చెవులు ఎర్రబడ్డాయి. "ఇది చాలదు," అన్నారు చివరికి. "ఆ ప్రోటీను ఉందనే అనుకుందాం. గుండెలో అది ఏం చేస్తుందో నీకు తెలుసా? అది లేకపోతే మనిషి పోతాడని రుజువుందా?"

"లేదు సార్. ఏం చేస్తుందో తెలీదు, గుండె కణంలో ఎక్కడ కూర్చుంటుందో తెలీదు. కనుక్కోవడానికి చాలాకాలం పట్టొచ్చు. కానీ ఆ కాగితంలో తెలీదని రాయలేదు. లేదని రాశారు. ఉందిగా!"

డాక్టరమ్మ కలం మూత పెట్టింది. "ఈ రిపోర్టు ఇలాగే ఉంచుతారా సార్?" అని మెల్లగా అడిగింది. పెద్దసారు ఫొటో వైపు ఇంకోసారి చూశారు. తర్వాత బల్లమీది రిపోర్టును తనవైపు లాక్కుని, నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నారు.

గెలిచానని పెంకి అనుకోబోయింది. అప్పుడు పిల్ల వైపు చూసింది. ఆ మొహంలో వెలుగు ఆరిపోయింది.

"అంటే ఆదివారం..." అంది పిల్ల.

"వద్దమ్మా."

"ఆ తర్వాత?"

"తెలీదు."

"తెలీనిదానికి ఎందుకొచ్చారు మీరు?" పిల్ల ఒంటికాలి మీద లేచింది. "ఇందాకేమో ఏం లేదన్నారు. ఇప్పుడేమో ఉందంటున్నారు, ఏంటో తెలీదంటున్నారు. నేనేమన్నా ఆటబొమ్మనా? నాకు పరుగు తప్ప ఇంకేం రాదు!"

"ఊరుకోవే," అంది నానమ్మ. కానీ ఆవిడ కళ్ళు పెంకి మీదే ఉన్నాయి. "నాకు ఒక్కమాట చెప్పు తల్లీ. నా కొడుకులు ఏదో మింగి పరిగెత్తారని, అందుకే పోయారని అన్నారందరూ. శవం ఇంట్లో ఉండగానే అన్నారు. అది కాదా?"

"ఇంకా గట్టిగా చెప్పలేనమ్మా. కానీ వాళ్ళకున్న ఆ మార్పు ఉంటే, ఒంట్లో ఉండాల్సింది ఒకటి తయారు కావట్లేదు. అంతవరకు నా కళ్ళతో చూశాను."

ముసలావిడ వంగిన నడుము నిటారుగా చేసుకుని కూర్చుంది.

పెంకి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "నన్ను తిట్టు. తిట్టాల్సిందే. అది నా పెట్టెలోనే ఉంది, మూడుసార్లు వచ్చింది. నేను చూడకుండా నీళ్ళతోపాటు పారబోశాను. తెలీకపోయినా తెలుసన్నట్టు చెప్పాం నీకు. ఇక అలా చెప్పను. తెలిసింది తెలిసినట్టు, తెలీనిది తెలీనట్టు చెబుతాను. నా ఉద్యోగం ఉన్నా చెబుతాను, ఊడినా చెబుతాను."

పిల్ల చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"అది ఏం చేస్తుందో కనుక్కోవాలంటే ఏం కావాలి?"

"నీ రక్తం. దాంట్లో కణాలను గుండె కణాలుగా మార్చొచ్చు. అవి గిన్నెలో కొట్టుకుంటాయి. అప్పుడు చూడొచ్చు, ఆ ప్రోటీను లేకపోతే వాటికేం అవుతుందో."

"ఎంత కావాలి?"

"కొంచెం చాలు."

పిల్ల చొక్కా చేయి మోచేతి పైకి లాక్కుంది. చేతిని బల్లమీద దబ్బున పెట్టి, పిడికిలి బిగించింది.

"తీసుకోండి. ఇదైనా పారబోయకండి," అంది.